అల్లుడుగారికో యూనివర్సిటీ

జూన్ 11, 1984, సోమవారం

ఇంటి లెక్కల పుస్తకం వేరే ఉంది. అది మా అమ్మాయి కాంతం చూస్తుంది, మనవరాలు తాయారు చూస్తుంది, తమ్ముడు సన్యాసిరాజు వస్తే వాడూ తిరగేస్తాడు. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

ఈ రోజు ఒక పని నెత్తిన వేసుకున్నాను. అల్లుడుగారికి యూనివర్సిటీ వెతికిపెట్టాలి.

అర్జునరావుగారు నేవీలో పదిహేనేళ్ళు సిగ్నల్‌మన్‌గా చేశారు. ఓడ మీద ఫిరంగి పక్కనే పేలి కుడిచెవి పోయింది. డెబ్బై ఎనిమిదిలో బయటికి వచ్చారు. అప్పటినుంచి ముగ్గురూ నా దగ్గరే, పెదవాల్తేరులో ఉంటున్నారు. ఇల్లరికమని వీధిలో అన్నవాళ్ళు అన్నారు. హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసినదాన్ని, అలాంటి మాటలు చెవిన వేసుకోను.

ఓడలో ఉండగానే ఆయన ప్రైవేటుగా బి.ఏ. కట్టారు. బయటికి వచ్చాక ఎం.ఏ., తరువాత జర్నలిజం. ఇప్పుడు అందులోనే డాక్టరేట్ చేస్తారట. ఆయన తీసుకున్న విషయం ఇది: తుఫాను వస్తోందని రేడియోలో చెప్పాక, రేవులో ప్రమాద సూచిక ఎగరేశాక, ఆ సంగతి సముద్రం మీద వేటలో ఉన్నవాడికి చేరుతోందా, చేరకపోతే ఎక్కడ ఆగుతోంది? కాంతం చెప్పగానే మంచి ప్రశ్న అనిపించింది. ఆ మాట ఆయనతో అనలేదు.

అల్లుడుగారితో నేను ఎదుటపడి మాట్లాడను. మా అమ్మ తన అల్లుళ్ళతో మాట్లాడలేదు. నేను తలుపు వెనకనుంచి కాంతంతో అంటాను, కాంతం ఆయనతో అంటుంది. పెళ్ళినాటినుంచీ ఇదే పద్ధతి. ఏ లోటూ రాలేదు.

జూన్ 14

విచారించగా మూడు తేలాయి. ఊళ్ళో ఉన్నదాంట్లో ఈ ఏడు ఈ విషయానికి గైడు ఖాళీ లేడట. కనక మూడూ రైలెక్కి వెళ్ళవలసినవే. వాటికి అ, ఆ, ఇ అని గుర్తులు పెట్టాను. స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పిల్లల పేర్ల మీద కాగితం అంటించి దిద్దేదాన్ని. పేరు కనపడితే చెయ్యి వంకర పోతుంది.

‘అ’ పెద్దది. మాజీ సైనికులకి ప్రత్యేకంగా సీట్లు, నెలనెలా భృతి, కుటుంబంతో ఉండడానికి క్వార్టర్సు. వాళ్ళ వివరాల పుస్తకం మొదటి పేజీలోనే సైనికుడి బొమ్మ వేశారు. ‘ఆ’ సంగతి తెలియాలి. ‘ఇ’ చిన్నది, పుస్తకంలో బొమ్మలు లేవు.

జూన్ 17, ఆదివారం

సన్యాసిరాజు వచ్చాడు. వాడు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట కంకర సరఫరా చేస్తాడు. అక్కడ ఏదో కంపెనీ వాళ్ళ గేటు దగ్గర అర్జునరావుగారికి సెక్యూరిటీ పని మాట్లాడాడట.

"ఏటక్కా నువ్వు? నలబైకొత్తన్న మనిషికి పలకా బలపం కొంటన్నావా? నాను నలుగురి కాళ్ళు పట్టుకుని మాటాడినాను. గేటుకాడ కుర్సీ, నెత్తి మీద టోపీ. ఇంకేటి కావాల?"

"ఆయన టోపీ పదిహేనేళ్ళు పెట్టుకున్నారు. ఇంక చాలు" అన్నాను.

"పీహెచ్‌డీ సేసి మాత్రం ఏటి పీకుతాడు? సేపలోళ్ళకి తుఫానొత్తాదని సెప్పడానికి డాక్టరవ్వాలేటి?"

"నీకు తుఫాను వస్తుందని ముందే చెప్పినా నువ్వు వినవు. ఎందుకు వినవో ఎవరైనా పరిశోధించాలి కదా."

తాయారు పకపకా నవ్వింది. పెద్దవాళ్ళ మాటల మధ్య నవ్వినందుకు దాన్ని లోపలికి పంపాను. శ్రావణంలోగా జవాబు చెప్పకపోతే ఆ ఉద్యోగం వేరేవాడికి పోతుందని సన్యాసిరాజు నాలుగుసార్లు చెప్పి వెళ్ళాడు.

జూన్ 21

కాంతానికి ఆసుపత్రిలో డ్యూటీ. అలాంటి రోజుల్లో అల్లుడుగారికి వడ్డన నాదే. ఆయన వెనకగా నిలబడి, "ఇంకొంచెం పులుసు?" అని గోడతో అన్నట్టు అడుగుతాను. పలకరు. పలకనివాళ్ళకి నేను మారు వడ్డించను. ఆయన కాసేపు కంచం వైపు చూసి లేచిపోతారు. నాలుగేళ్ళుగా ఇంతే. నేవీలో మర్యాద బాగా నేర్పుతారంటారు. ఏమి మర్యాదో.

జూన్ 23

‘ఆ’ కొట్టేశాను. ముప్పై అయిదు దాటినవాళ్ళని తీసుకోరట.

జూన్ 28

పొద్దున్న పోతమ్మ చేపల తట్ట దించింది. జాలరిపేటనుంచి మా వీధికి తనే తెస్తుంది. అల్లుడుగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. పోతమ్మ ఆయన ఎదుటికి వెళ్ళి, మొహం ముందు చెయ్యి ఊపి, అప్పుడు నోరు విప్పింది.

"బాబుగోరూ! సెవులెలాగూ పన్జెయ్యవు, కళ్ళు పన్జేత్తాయి గదా? ఈ కానాగంతల మొప్పలు సూడండి, ఎర్రగా నేవా?"

"పోతమ్మా, నిన్నటివి కడిగి తెచ్చావు."

"అయ్యబాబోయ్, నేవీ అంతా మా నోటికాడే కాపలా!"

ఇద్దరూ చాలాసేపు నవ్వుకుంటూ మాట్లాడుకున్నారు. మొన్న గాలి మారినప్పుడు వాళ్ళ పేట వీరన్న పడవ ఎందుకు వెనక్కి తిప్పలేదో ఆయన అడిగారు, ఆవిడ చేతులు తిప్పుతూ చెప్పింది. నేను తలుపు వెనకనుంచి, "చేపలు లోపలికి పంపమనండి" అన్నాను. ఆయన తిరిగి చూడలేదు.

పోతమ్మతో ఇన్ని మాటలు వస్తాయి. ఈ ఇంట్లో నాకు ఒక్క జవాబు రాదు. ఆ పోతమ్మకి కూడా హద్దు లేదు. పోయింది కుడిచెవి ఒక్కటే అయితే, "సెవులు" అంటుంది.

జూలై 9, రైల్లో

‘అ’ కి బయలుదేరాం. కాంతానికి సెలవు దొరకలేదు. నేను చూడకుండా మాత్రం మార్కులు వెయ్యను. ఆయన కిటికీ దగ్గర, నేను నడవ అవతల బల్ల మీద. దువ్వాడ దాటాక ఇడ్లీ పొట్లం విప్పాను. అందించేదెవరు? పక్కన అనకాపల్లి ఆవిడ ఉంటే, "ఆయన్ని టిఫిను తినమని చెప్పండమ్మా" అన్నాను.

"ఆయన మీకేటవుతారు?"

"అల్లుడుగారు."

"మీకు నోరుంది, ఆయన ఎదురుగా ఉన్నారు. మద్దెన నానెందుకండీ?" అంది. అని, నవ్వి, పొట్లం అందించింది.

జూలై 10

ఏమి జరిగిందో జరిగినట్టు రాస్తాను.

‘అ’ లో మర్యాదకి లోటు లేదు. టీ ఇచ్చారు. మెడల్స్ తెచ్చారా, పతాక దినానికి ఫోటో తీస్తాం అన్నారు. ప్రొఫెసరు పెద్దమనిషే. కానీ ఒకచోట నిలబడడు. కిటికీ దగ్గరికి వెళ్ళి చెట్లతో మాట్లాడతాడు, బీరువా తెరిచి అందులోకి మాట్లాడతాడు. నేను గుమ్మం బయట బెంచీ మీద ఉన్నాను, అన్నీ వినపడ్డాయి.

కిటికీలోకి చూస్తూ, "ఈ చేపలవాళ్ళ గొడవ వదిలేయండి. యుద్ధంలో ప్రచారం అని రాయండి. సైనికుడు రాస్తే బాగుంటుంది. సరేనా?" అన్నాడు.

"అవును సార్" అన్నారు అల్లుడుగారు.

"మీకేమీ బాధ లేదుగా?"

"అవును సార్."

బాధ లేదా అంటే అవును ఏమిటి? అన్నేళ్ళు మోసిన విషయాన్ని క్షణంలో జారవిడిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సెల్యూట్లు కొట్టి కొట్టి వెన్ను వంగిపోయినట్టుంది. ఇలాంటివాడికోసమా నేను రైలెక్కింది?

జూలై 11

తిరుగు ప్రయాణంలో ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. పక్కనున్న పెద్దాయనకి, జాలరిపేటలో ఎవరెవరిని ఏమేమి అడగాలో వరసగా చెబుతున్నారు. వదిలేశానని చెప్పి వచ్చిన విషయమే అది! నాకు అర్థం కాలేదు.

జూలై 12

కాంతం డ్యూటీ దిగి రాగానే గదిలోకి పిలిచి అంతా చెప్పాను. అది వెళ్ళి ఆయన్ని అడిగి వచ్చింది.

"ప్రొఫెసరు అలా అడగనే లేదంటున్నారమ్మా."

"నా చెవులతో విన్నాను."

కాంతం మంచం మీద కూర్చుంది. "ప్రొఫెసరు అటు తిరిగి మాట్లాడాడా?"

"కిటికీ వైపు. అయితే?"

"ఎడమ చెవీ పోయిందమ్మా. నాలుగేళ్ళయింది. మొహం చూస్తేనే ఆయనకి మాట. పెదవులు చదువుతారు. ఓడ మీద జెండాలూ దీపాలూ చదివిన కళ్ళు కదా, త్వరగానే పట్టుబడింది. కనపడకపోతే ‘అవును’ అనేస్తారు. వినపడలేదని చెప్పడం సిగ్గు."

"ఒకే ఇంట్లో ఉండి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలిసిపోతుందనుకున్నాం. నువ్వు ఒక్కసారైనా ఆయన మొహం చూసి మాట్లాడితే తెలిసేది."

జూలై 13

రాయడానికి ఏమీ లేదు.

జూలై 14

ఏమీ లేదు. చేపలు కొనలేదు.

జూలై 19

‘అ’ నుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. భృతి ఉంది, క్వార్టర్సు ఉంది. విషయం: యుద్ధకాలంలో ప్రచారం.

కాంతం దీపం పెట్టింది. తాయారు వీధంతా చెప్పి వచ్చింది. అల్లుడుగారు ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. కాంతంతో, "ఇచ్చిన విషయమే చేద్దాంలే. ఈ చెవులతో నన్ను ఇంకెవరు తీసుకుంటారు? సీటు వచ్చింది, చాలు" అంటున్నారు.

నేను తలుపు వెనక ఉన్నాను. చాలదు అన్నాను. నేను తలుపు వెనక అన్న మాట ఎవరికి వినపడుతుంది?

తలుపు దాటి వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాను. కాంతం లేచి నిలబడిపోయింది.

"చాలదు బాబూ" అన్నాను. "ఇంకా ‘ఇ’ చూడలేదు."

ఆయన నా మొహం వైపు చూశారు. "అత్తయ్యా, మీరు మాట్లాడేటప్పుడు పెదవి కదలదు. కొంచెం నోరు తెరిచి అనండి."

ఇన్నేళ్ళు పిల్లలకి నేను చెప్పిన మాట అది. మళ్ళీ అన్నాను, నోరు తెరిచి.

జూలై 22, ఆదివారం

సన్యాసిరాజుకి మాట చెప్పేశాను, గేటు పని వద్దని. అలిగి కాఫీ తాగకుండా వెళ్ళాడు. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి తాగి వెళ్ళాడు.

‘ఇ’ కి ఆగస్టు మొదటి వారంలో రమ్మన్నారు. అంతవరకూ రోజూ అల్లుడుగారిని ఎదురుగా కూర్చోబెట్టి నేను ప్రశ్నలు వేస్తాను, ఆయన జవాబులు చెబుతారు. మొదటి నియమం పెట్టాను: "అవును సార్" నిషేధం. వినపడకపోతే వినపడలేదని చెప్పాలి.

"కోపగించుకుంటే?"

"కోపగించుకునేవాడు గైడుగా పనికిరాడు. అది మనకి ముందే తెలియడం మంచిది."

జూలై 26

ఈ రోజు అడిగాను, ఈ విషయమే ఎందుకని. పుస్తకాల్లోంచి చెప్పబోయారు. పుస్తకాలు నేనూ చదవగలను, మీది చెప్పండి అన్నాను.

"ఓడ రేవు బయట లంగరు వేసి ఉందత్తయ్యా. మునిమాపు వేళ గాలి మారింది. పడవలు వేటకి పోతున్నాయి. వెనక్కి పొమ్మని చెప్పమని నాకు ఆర్డరు. దీపం వేసి ఆర్పి, వేసి ఆర్పి, అక్షరం అక్షరం పంపాను. వాళ్ళు లాంతర్లు ఎత్తి ఊపారు. మేము పలకరిస్తున్నామనుకున్నారు. నేను మళ్ళీ పంపాను. వాళ్ళు మళ్ళీ ఊపారు. అలా ఊపుకుంటూనే వెళ్ళిపోయారు."

"తిరిగి వచ్చారా?"

"కొందరు."

తరువాత అన్నారు: "నేను పంపినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మా ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా."

అక్కడితో ప్రశ్నలు ఆపాను. ఈ విషయం వదలడానికి వీల్లేదు.

ఆగస్టు 6, సోమవారం, సత్రంలో

రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. టిఫిను నేనే అందించాను.

‘ఇ’ లో ఆ శాఖకి ఉన్నవి చిన్న గదులు, వానకి ఒకటి కారుతోంది. గుమస్తా వయసు దాటిందన్నాడు. ప్రొఫెసరు జగ్గయ్యగారు లోపలినుంచి వచ్చి, సర్వీసులో ఉన్న ఏళ్ళు వయసులోంచి తీసివేయాలని రూలు పుస్తకం తెరిచి చూపించి, మమ్మల్ని లోపలికి పిలిచాడు. పది మార్కులు వేద్దామనుకున్నాను. అంతలో ఆయన మొహం సరిగ్గా చూశాను.

మీసం. పై పెదవి పూర్తిగా, కింది పెదవి సగం కప్పేసింది. చివరలు చెంపల దాకా మెలితిరిగి ఉన్నాయి.

ఆయన ఏదో అడిగాడు. అల్లుడుగారు రెప్ప వేయకుండా చూశారు. ఎప్పటిలాగే ‘అవు...’ అని మొదలుపెట్టి, నా వైపు చూసి, ఆగారు.

"నాకు వినపడదు సార్. రెండు చెవులూ లేవు. పెదవులు చూసి తెలుసుకుంటాను. మీవి కనపడడం లేదు."

జగ్గయ్యగారు గట్టిగా అరిచాడు. లాభం లేదు. కాగితం మీద రాశాడు, అల్లుడుగారు చదివి జవాబు చెప్పారు. రెండు ప్రశ్నలకే ఆయన చెయ్యి విసిగింది. "ఇలా నాలుగేళ్ళు ఎలాగమ్మా?" అన్నాడు, నాతో.

"నాతో కాదు, ఆయనతో అనండి" అన్నాను. "దానికి మీ మీసం అడ్డంగా ఉంది. తీసేయండి."

గుమస్తా చేతిలో ఫైలు కింద పడింది. జగ్గయ్యగారి చెయ్యి తనంత తానే మీసం మీదికి పోయింది.

"ఇది నా పెళ్ళినాటిది."

"మీసం మళ్ళీ వస్తుంది బాబూ. ఈయన చెవులు రావు. నాలుగేళ్ళు ఈయన మాట్లాడవలసింది మీతోనా, మీ మీసంతోనా?"

ఆయన రూలు పుస్తకం మూశాడు. "రేపు పదింటికి రండి" అని లేచి వెళ్ళిపోయాడు.

దారిలో అల్లుడుగారు, "పోనీ అత్తయ్యా, ‘అ’ కి ఒప్పుకుంటాను. ఇంక మిమ్మల్ని తిప్పలేను" అన్నారు.

"రేపు పది కాలేదు ఇంకా" అన్నాను.

పెద్ద చదువు చదివిన మగవాడి మీసం తీయమన్నాను. మా నాన్నగారు వింటే ఏమనేవారో. అయినా అన్నది తప్పు మాట కాదు.

ఆగస్టు 7

పదింటికి వెళ్ళాం. వరండాలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అటెండరు తల వంచుకుని తలుపు తీశాడు. లోపల జగ్గయ్యగారు. మీసం లేదు, నున్నగా గొరిగి ఉంది.

రాత్రికి రాత్రే ఇంట్లో అశుభం జరిగిందనుకున్నాను. నిన్న మీసం మీద నోరు పారేసుకున్నాను, ఈ వేళ ఈయన ఎవరికో కర్మ చేయవలసి వచ్చింది. "ఎవరు పోయారు బాబూ?" అన్నాను.

"నా మీసం పోయిందమ్మా. పొద్దుటినుంచీ అందరూ ఇదే అడుగుతున్నారు. మా నాన్నగారు ఊళ్ళో నిక్షేపంలా ఉన్నారు, పొలానికి వెళ్తున్నారు. వైస్‌ఛాన్సలర్‌గారు కూడా సంతాపం చెప్పి వెళ్ళారు. మా ఆవిడైతే మీరెవరండీ అంది."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

ఆయన కుర్చీ తిప్పి, వెలుతురు తన మొహం మీద పడేలా అల్లుడుగారి ఎదురుగా కూర్చున్నాడు. ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు. "ఇది చాలా కష్టమైన విషయం. పడవలవాళ్ళ నోటినుంచి రాబట్టాలి. భృతి ఇప్పించగలనని మాట ఇవ్వలేను. తేలికైన విషయం ఇస్తాను, మార్చుకుంటారా?"

అల్లుడుగారు ఆ పెదవులనే చూస్తున్నారు.

"మార్చుకోను సార్."

"నేను చెప్పేది అర్థమవుతోందా?"

"ప్రతి అక్షరమూ."

"అయితే జాలరిపేటలో మొదలుపెట్టండి."

‘ఇ’ కి నూటికి ఎన్ని వేశానో ఇక్కడ రాయను. ‘అ’ కి అక్కర్లేదని కృతజ్ఞతలతో రాయవలసింది అల్లుడుగారే. నేను అక్షరదోషాలు మాత్రం చూస్తాను.

ఆగస్టు 9, గురువారం

ఇంటికి చేరాం. పోతమ్మకి తాయారు ముందే చెప్పేసింది. "పంతులమ్మగోరూ, మీసాలు కూడా గొరిగించేత్తన్నారట! మా యీరన్న మీ వీధి మొగం సూడనంటన్నాడు" అని కానాగంతలు పెట్టి వెళ్ళింది. అల్లుడుగారు రేపు వాళ్ళ పేటకి వెళ్ళి పని మొదలుపెడతారు.

కాంతానికి డ్యూటీ. వడ్డన నాదే. పీట ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"ఇంకొంచెం పులుసు వేయనా బాబూ?"

"వేయండి అత్తయ్యా."

వేశాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ వేయమన్నారు. మూడోసారి గిన్నె వంచి అడుగున ఉన్నది కూడా వేశాను.